మగ్గాల మీద నేను వేసిన నింద

చాలా ఏళ్లుగా నాలో ఒక అబద్ధం ఉంది. చిన్నదే. చెప్తే మీరు నవ్వుతారేమో. నేనూ నవ్వుకున్నాను. వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒకసారి పుత్తూరు బస్సులో గట్టిగా నవ్వేస్తే పక్క సీటామె నన్ను తేరిపార చూసింది. కానీ ఆ నవ్వు అయిపోయినాక ఇంకొకటి మిగులుతుంది. ఎన్ని నీళ్లు తాగినా దిగకుండా గొంతులో ఆగిపోయిన మాత్ర మాదిరి. మా ఆయనకు చెప్పలేదు. మా నాయనకు చెప్పలేదు. ఎవరికి చెప్పాల్నో ఆయనకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నా పేరు మీకు తెలీదు. అందుకని మీతో మొదలుపెడతాను.

నేను తిరుపతి పిల్లను. మా ఇంట్లో తాతల కాలం నుంచీ గుడి కొలువు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేటప్పుడు నగరి నుంచి వచ్చే ఒక నేతగాళ్ల అబ్బాయిని ఇష్టపడినాను, పెళ్లి చేసుకున్నాను. నాయన పెళ్లికి రాలేదు. అరవలేదు, తిట్టలేదు. రాలేదు, అంతే. కానీ నేను నగరికి బయల్దేరే పొద్దున ఆటో దగ్గరికి ఆయనే వచ్చి, తన స్టీరియో ఆంప్లిఫైయర్‌నీ రెండు కొయ్య స్పీకర్ పెట్టెల్నీ నా సామాన్ల పక్కన పెట్టినాడు. రోజూ దేవస్థానం ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని దాని ముందర కూర్చునే మనిషి.

"ఆడ నీకు తోడుంటాది" అన్నాడు. నా మొహం చూడకుండా లోపలికి పోయినాడు.

నగరిలో మా వీధిలో దాదాపు ప్రతి ఇంటి వెనకా పవర్‌లూమ్ మగ్గాల షెడ్డు ఉంటుంది. పొద్దున మొదలైతే చీకటి పడేదాకా టకటకా టకటకా. కొత్తలో తలనొప్పి వచ్చేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు నాకు వినపడడం మానేసింది. అప్పుడు తెలిసింది, మా ఇంట్లో వేరే ఏ చప్పుడూ లేదని. ఉండేది మేమిద్దరమే, మా ఆయన తడ దగ్గర కంపెనీలో పని చేస్తాడు. పొద్దునే కంపెనీ బస్సు ఎక్కితే దీపాలు పెట్టినాకే ఇల్లు చేరేది. వీధిలో ఆడవాళ్లు గేటు దాకా వచ్చి, బాగుండావా అని అడిగి, గేటు అవతల నుంచే పోయేవాళ్లు. గుడి వాళ్ల పిల్ల కదా, లోపలికి వస్తే ఏమనుకుంటాదో అని వాళ్లు. నేనంటే గిట్టక రావడం లేదేమో అని నేను. రెండు పక్కలా మర్యాదే. ఆ మర్యాదలో నాకు ఊపిరాడేది కాదు.

పక్కింటి మొగిలప్ప మామ ఒక్కడే ప్రహరీ గోడ మీద మోచేతులు ఆనించి నాతో మాట్లాడేవాడు. మగ్గాల మధ్య మాట్లాడీ మాట్లాడీ ఆయనకు మెల్లిగా మాట్లాడడం రాదు. మంచినీళ్లు అడిగినా వీధి చివరికి వినపడేది. ఆయన భార్య చెల్లమ్మత్త పగలంతా షెడ్డులోనే, దారం కండెలకు చుడతా ఉండేది.

ఒక సాయంత్రం, టీవీ మాటలు కూడా పెద్ద స్పీకర్లలో వింటే బాగుంటుంది కదా అని, కేబుల్ డబ్బా నుంచి ఒక ఎర్ర తీగ, ఒక తెల్ల తీగ తెచ్చి ఆంప్లిఫైయర్ వెనకాల గుచ్చినాను. ఆ క్షణం నుంచి స్పీకర్లలో మోత. టీవీ ఆపేసి ఫోన్లో పాట పెట్టినా ఆ పాట వెనకాల కూడా అదే మోత. పాట తగ్గిస్తే పాటే తగ్గేది, మోత తగ్గేది కాదు.

గోడ మీద మామ తల కనపడింది. "ఏందిమ్మా అది, తుమ్మెద దూరినట్టు గుయ్యిమంటా ఉండాది?"

"మీ మగ్గాల మోటార్ల వల్ల అయుంటాది మామా" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. ఎలక్ట్రానిక్స్ చదివినదాన్ని కదా, ఏదో ఒకటి చెప్పాల కదా అని అన్నాను.

"నా మోటార్లా? ఉండు, ఆపి సూస్తాం" అని ఆయన షెడ్డు వైపు పరిగెత్తినాడు. ఈలోగా నేను ఆ రెండు తీగల్నీ పీకి, పిన్నులకు దుమ్ము పట్టిందేమోనని కొంగుతో తుడుస్తా ఉన్నాను. మగ్గాలు ఆగినాయి. స్పీకర్లలో పాట ఒక్కటే ఉంది, శుభ్రంగా, ఎదురుగా మనిషి కూర్చుని పాడినట్టు. మోత లేదు.

"పోయినాదా?" అని గోడ మీద నుంచి కేక.

"పోయింది మామా! పూర్తిగా పోయింది!" అని నేనూ కేకే వేసినాను.

అప్పటికి నేను అబద్ధం ఆడలేదు. నిజంగానే నమ్మినాను. ఇంతమట్టుకు మీరు నన్ను నమ్మాల.

మా గోడ పక్క మగ్గాలు ఆగేసరికి, దూరంగా మిగతా షెడ్ల టకటక మీదుగా పాట వీధిలోకి పోయింది. చెల్లమ్మత్త చేతులు తుడుచుకుంటా షెడ్డులో నుంచి బయటికి వచ్చింది. షెడ్డులో నేసేవాళ్లు వచ్చినారు. ఎదురింటి వాళ్లు వచ్చినారు. గేటు దగ్గర ఆగినారు. మామ మాత్రం ఆగకుండా తిన్నగా వచ్చి మా వసారాలో కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడని వాళ్లూ వచ్చి కూర్చున్నారు. నేను కాఫీ పెడితే పాలు చాలలేదు. చాలలేదని నాకు ఎంత సంతోషమో! లేచేటప్పుడు మామ అందరికీ వినపడేట్టు చెప్పినాడు: "రేపట్నించి దీపాలు పెట్టే ముందర ఒక గంట నా మగ్గాలు ఆగతాయి. ఆ గంట ఈ పిల్ల పాటలకు."

మరుసటి రోజు మధ్యాహ్నం, మగ్గాలన్నీ భోజనాలకు ఆగి ఉన్నప్పుడు, నేను ఎర్ర తీగనూ తెల్ల తీగనూ మళ్లీ గుచ్చినాను.

గుయ్యిమంది.

పీకినాను. ఆగింది. గుచ్చినాను. గుయ్యిమంది. పాలిటెక్నిక్‌లో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంటి మూడు పిన్నుల ప్లగ్గుకు ఒక ఎర్తు ఉంది. కేబుల్ వైరు వీధిలో యాడో స్తంభం దగ్గర ఇంకో ఎర్తు పట్టుకుని మా ఇంట్లోకి వస్తుంది. నా ఎర్ర తీగ, తెల్ల తీగ ఆ రెండు ఎర్తుల్నీ కలిపేసినాయి. ఆ చుట్టులో తిరిగే కరెంటే స్పీకర్లలో మోత. మగ్గాలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. తీగలు పీకేస్తే చాలు. టీవీ దాని గొంతుతో అది మాట్లాడుకుంటుంది.

గోడ దగ్గరికి పోయి ఒక్క మాట చెప్తే అయిపోయేది. మామా, మోత మీది కాదు, నాది. ఎంతసేపు పడుతుంది ఆ మాటకు? గోడ దాకా పోయినాను కూడా. అవతల చెల్లమ్మత్త ఎదురింటామెతో చెప్తా ఉంది: "సాయంత్రం ఆ పిల్ల ఇంటికి నేను మురుకులు తీసుకపోతాండా, నువ్వేం తెస్తావు?"

నేను వెనక్కి వచ్చేసినాను.

అంతే కాదు. అంతే అయితే దాన్ని మౌనం అని పేరు పెట్టి తప్పించుకునేదాన్ని. వెనక్కి వచ్చి ఆ తీగల్ని మళ్లీ గుచ్చినాను. మగ్గాలు ఆడేటప్పుడు ఎవరైనా వస్తే మోత వినపడాల కదా! రోజూ సాయంత్రం మామ మగ్గాలు ఆపే సమయానికి ఆంప్లిఫైయర్ వెనకాల చెయ్యి పెట్టి తీగలు పీకేదాన్ని. అందరూ వెళ్లిపోయినాక మళ్లీ గుచ్చేదాన్ని. దుమ్ము తుడిచే గుడ్డ ఒకటి చేతిలో పెట్టుకునేదాన్ని, ఎవరైనా చూస్తే తుడుస్తా ఉన్నట్టు. అంత జాగ్రత్తగా చేసినాను. జాగ్రత్తగా చేసే పనిని పొరపాటు అంటారా?

కానీ ఆ సాయంత్రాల గురించి కూడా చెప్పాల. చెప్పకపోతే అది ఇంకో అబద్ధం అవుతుంది. నా జీవితంలో నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను. పాత తెలుగు పాటలు, పళ్లిపట్టు నుంచి కోడలిగా వచ్చిన ముసలమ్మ కోసం తమిళ పాటలు, ఒక్కోరోజు నాదస్వరం. చెల్లమ్మత్త చేతులు మొదట్లో ఊరికే ఉండేవి కావు, లేని దారాన్ని లేని కండెకు చుడతానే ఉండేవి. రాను రాను ఒళ్లో అవి కదలకుండా పడుకునేవి. ఒకరోజు వానకు అందరూ వసారాలోకి ముడుచుకుని కూర్చుంటే, ఏదో డప్పు పాట వచ్చింది. మొగిలప్ప మామ తువ్వాలు తలకు చుట్టి వానలోకి దిగి చిందులేసినాడు. చెల్లమ్మత్త సిగ్గుతో చీర కొంగు మొహానికి కప్పుకుని, ఆ కొంగులోనే విరగబడి నవ్వింది. వాళ్ల ఇళ్లకు నేను పోవడం మొదలైంది. కండెలు చుట్టడం నేర్చుకున్నాను. వీధిలో నన్ను గుడి వాళ్ల పిల్ల అనడం మానేసి, పాటల పాప అన్నారు.

ఒక పొద్దున మా ఆయన్ని బస్సుకు పంపి గేటు వేస్తా ఉంటే, ఇంకా తెల్లవారక ముందే మామ షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి. చెల్లమ్మత్తను అడిగినాను.

"సాయంత్రం గంట ఆపేస్తాం గదా పాపా, ఆ గంట పొద్దున కలుపుకుంటాం" అనింది, ఆవులిస్తా. నవ్వుతానే అనింది.

అంటే నా వసారా నిండడం కోసం ఆ మనిషి ముందే నిద్ర లేస్తా ఉంది. ఇక చెప్పెయ్యాల్సిందే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మామ దగ్గరికి పోయినాను. షెడ్డు బయట రాతి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూసి బీడీ పారేసి లేచినాడు. ఆయనకు మెల్లిగా మాట్లాడడం రాదన్నాను కదా. ఆరోజు వచ్చింది.

"నేనే నీతో మాట్లాడాలనుకుంటా ఉండా కోడలా. ఆ మిషను మీ నాయన ఇచ్చి పంపినాడంట గదా. మీ ఆయన చెప్పినాడు. పెండ్లికి రాకపోయినా అది పంపినాడంట."

"అవును మామా."

"పుట్టింటి మాట మాదిరి గదమ్మా అది నీకు! దాంట్లో నా మగ్గాలు గుయ్యిమని మోత పెట్టినాయి. నువ్వు ఒక్క మాట అనకుండా ఓర్సుకున్నావు. నాకు తెలీక జరిగిన తప్పు. మనసులో పెట్టుకోవద్దు తల్లీ."

ఆయన కళ్లల్లో నీళ్లు. నా నోట్లో సిద్ధం చేసుకున్న మాట. ఏమన్నానో తెలుసా?

"పర్వాలేదు మామా" అన్నాను.

ఇదీ నేను చెప్పాలనుకున్నది. తీగలు కాదు, మోత కాదు. ఆ పర్వాలేదు. తప్పు చేసింది నేను, క్షమించమని అడిగింది ఆయన, క్షమించింది నేను! ఎంత దర్జాగా క్షమించినాను! ఇంటికి వచ్చి అద్దంలో చూసుకోలేకపోయినాను. సాయంత్రం మళ్లీ తీగలు పీకినాను, మళ్లీ పాటలు పెట్టినాను, అందరితో కలిసి నవ్వినాను. ఆ నవ్వు దొంగ నవ్వు కాదు, అదే నాకు ఇప్పటికీ అర్థం కాని సంగతి. మనిషి ఒకే గంటలో అంత సిగ్గుపడుతూ అంత సంతోషపడగలడా?

ఆ మాట తర్వాత మామ ఊరుకోలేదు. ఎవరో చెప్పినారంట, మోటార్లకు మంచి ఎర్తు వేస్తే మోత పోతుందని. షెడ్డు పక్కన తనే గడ్డపార పట్టి నిలువెత్తు గుంత తవ్వినాడు. రాతి నేల. అరచేతులు బొబ్బలెక్కినాయి. బొగ్గు, ఉప్పు, రాగి పలక వేసి పూడ్చి నీళ్లు పోసినాడు. తర్వాత వీధి మొత్తాన్నీ మా వసారాకు పిలిచినాడు. "ఈరోజు మగ్గాలు ఆడతానే ఉంటాయి, పాటా ఆడతానే ఉంటాది. సూడండి!"

నేను ముందే తీగలు పీకేసినాను. ఈసారి మళ్లీ గుచ్చకూడదని తీసి బీరువాలో పడేసినాను. మగ్గాలు ఆడుతుండగా పాట పెట్టినాను. మోత లేదు. మామ చెవిని స్పీకరుకు ఆనించి విన్నాడు. లేచి రెండు చేతులూ పైకెత్తినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. చెల్లమ్మత్త పాయసం తెచ్చింది. నేనూ తాగినాను. బాగుంది.

ఇక మగ్గాలు ఆపే పని లేదు కాబట్టి ఎవరూ రారనుకున్నాను. నాకు అదే తగిన శిక్ష అనుకుని మరుసటి సాయంత్రం ఒక్కదాన్నే పాట పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మగ్గాలు ఆగినాయి. మామా, అత్తా, వెనకాలే అందరూ.

"మోత లేదు కదా మామా, ఎందుకు ఆపినారు?"

"మీ అత్త ఆపమనింది. సేతులు ఒళ్లో పెట్టుకోని ఊరికే కూసోవడం ఇన్నేండ్లకు అలవాటైనాదంట. పొద్దున లేసేది ఆమెకేం బరువు కాదంట."

ఇప్పుడు ఇది వాళ్ల ఇష్టం, నా అబద్ధం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. సగం నిజం. మిగతా సగం గురించి ఆలోచించకుండా కాఫీ పెట్టినాను.

ఆ ఏడు మా నాయన వచ్చినాడు. వీధి వీధంతా మా ఇంట్లో పాటలు వింటారని ఫోన్లో నేను చెప్తే నమ్మక, చూసిపోదామని వచ్చినాడు. వసారాలో ఒక మూల కూర్చున్నాడు. మామ ఆయన దగ్గరికి పోయి చేతులు కట్టుకుని చెప్పినాడు: "సామీ, మీరు పంపిన మిషనుకు నా మగ్గాలే అడ్డం పడినాయి. మొదట్లో ఆపినాను, మళ్లీ ఎర్తు ఏసి సరిచేసినాను."

"మా బిడ్డ పాట వినడం కోసరం మగ్గాలు ఆపినారా?" అని నాయన అడిగినాడు. బొబ్బల మచ్చలు ఇంకా పోని మామ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. మరుసటి మధ్యాహ్నం మా నాయన, బయట ఎక్కడా నీళ్లు కూడా తాగని మనిషి, మొగిలప్ప మామ ఇంట్లో ఆకు ముందర కూర్చుని అన్నం తిన్నాడు. చెల్లమ్మత్త రెండోసారి చారు పోస్తే వద్దనలేదు. నేను తలుపు పక్కన నిలబడి ఏడ్చినాను. అందరూ సంతోషంతో అనుకున్నారు. సంతోషమే. కానీ ఇప్పుడు నిజం చెప్తే ఆ భోజనం ఏమవుతుంది? అది కూడా అబద్ధమవుతుందా? కాదనే అనుకుంటాను. మామ మంచితనంలో అబద్ధం లేదు కదా. దాని కింద పునాది మాత్రం నాది.

తర్వాతది వినండి, నవ్వండి. పుత్తూరులో మామ బావమరిది ఇంట్లో స్టీరియో మోత పెడతా ఉందని తెలిసి, మామ గడ్డపార వేసుకుని పోయినాడు. గుంత తవ్వినాడు. ఎర్తు వేసినాడు. మోత పోలేదు. బావమరిది అందరి ముందరా నవ్వినాడంట. మామ వచ్చి వసారాలో మాట లేకుండా కూర్చున్నాడు. ఆ గొంతు లేని సాయంత్రం నేను భరించలేకపోయినాను. ఆరోజైనా చెప్పొచ్చు. చెప్పలేదు. చెల్లమ్మత్తకు బెణికిన మణికట్టుకు పుత్తూరు కట్టు కట్టించాల్సి వస్తే తోడు పోయి, అట్నుంచి బావమరిది ఇంటికి పోయి, కాఫీ వచ్చేలోగా వాళ్ల కేబుల్ వైరుకు మధ్యలో నేను వెంట తెచ్చుకున్న ఒక చిన్న డబ్బీ తగిలించినాను. ఆ డబ్బీ రెండు ఎర్తుల్నీ కలవనియ్యదు. మరుసటి రోజు ఫోను వచ్చింది, మోత పోయిందని. మామ గొంతు వీధి చివరికి వినపడింది: "మన్ను నీళ్లు తాగాలప్పా! ఎర్తు పట్టేదానికి టైం పడతాది!"

అప్పటి నుంచి నారాయణవనం, ఏకాంబరకుప్పం, పళ్లిపట్టు, ఎవరింట్లో స్పీకరు గుయ్యిమన్నా మామను పిలుస్తారు. మామ బయట గుంత తవ్వుతాడు. నేను లోపల డబ్బా వెనకాల దుమ్ము తుడుస్తాను. "నా శిష్యురాలు" అని పరిచయం చేస్తాడు. "ఎలక్ట్రానిక్స్ సదివినాది గానీ, ఈ ఎర్తు సంగతి నేనే నేర్పించినా." బస్సులో వేరుశనక్కాయలు తింటా, ఇద్దరం ఊళ్లన్నీ తిరిగినాము. ఎర్తు మంచిదే, ఎవరికీ షాకు కొట్టదు కదా అని సర్దిచెప్పుకున్నాను. నన్ను ఇన్ని ఊళ్లు తిప్పిన ఇంత సంతోషాన్ని నేనే ఎట్లా ఆపాల?

మొన్న ఏకాంబరకుప్పంలో ఎండలో మామ గడ్డపార వేస్తా మధ్యలో ఆగి మోకాలు పట్టుకున్నాడు. వయసు వచ్చింది. "నువ్వు లోపలికి పోమ్మా, ఎండ" అని నాతోనే అన్నాడు. నేను లోపలికి పోయినాను. కిటికీలో నుంచి చూస్తా, అవసరం లేని ఆ గుంత కోసం ఆయన మళ్లీ గడ్డపార ఎత్తడం చూసినాను. ఇది రాయడానికి కూర్చుంది అందుకే.

ఆయనకు చెప్తానా? తెలీదు. చెప్తే నవ్వుతాడేమో. లేక ఆ మధ్యాహ్నం రాతి మీద నుంచి లేచి నన్ను అడిగిన క్షమాపణ గుర్తొచ్చి, మొహం పక్కకు తిప్పుకుంటాడేమో. ఆయన తరఫున మీరు నన్ను క్షమించొద్దు. అది మీ చేతిలో లేదు. నా చేతిలో అసలే లేదు. రేపటి నుంచి గడ్డపార మాత్రం ఆయన చేతికి ఇవ్వను. ఏం చెప్పి ఆపుతానో ఇంకా తెలీదు. మళ్లీ అబద్ధం చెప్పకుండా ఆపాల.

మొగిలప్ప మామ మగ్గాలు ఏ రోజూ ఎవరి పాటకూ అడ్డం రాలేదు. ఆ మోత నాది. తెలిసి దాచినాను, సంతోషంగా దాచినాను. ఈ మాట ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి అనడం. ఇందాక పైకే అని చూసుకున్నాను, ఖాళీ గదిలో. నా గొంతు వణకలేదు.